సెట్ దోసె నుంచి సెట్‌బ్యాక్ దాకా

ప్రశ్న: మాస్టారూ, మాది మారతహళ్లి. ఏడో తరగతి చదివే మా పాప "సెట్ అంటే తెలుగులో ఏంటమ్మా?" అని అడిగింది. హోటల్లో సెట్ దోసె, లెక్కల్లో సెట్స్, ఫోన్లో సెట్టింగ్స్. మా ఇంటి ప్లాను గీసిన ఇంజనీరేమో సెట్‌బ్యాక్ వదలాలంటాడు. ఇవన్నీ ఒకే మాటేనా? ఇంగ్లిషులో ఎక్కువ అర్థాలున్న మాట ఇదేనట, నిజమా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు దోసె సంగతి. 1987లో హిందూపురం నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, బసవనగుడిలో ఒక హోటల్లో సెట్ దోసె అడిగాను. దూదిలాంటి దోసెలు మూడు తెచ్చి పెట్టారు, పక్కన సాగు అనే కూరగాయల కూర. "నేనడిగింది ఒకటే" అన్నాను, వచ్చీరాని కన్నడంలో. సర్వరు నవ్వి "మూరు సేరి ఒందు సెట్టు సార్" అన్నాడు. జేబులో చిల్లర తడిమి చూసుకున్నాకే తుంచాను.

ఆ సెట్టు వేరు, మీ ఇంజనీరు సెట్టు వేరు. గుంపు, జత అనే అర్థమున్నది లాటిన్ 'సెక్టా' నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. మతశాఖను సెక్ట్ అంటారే, దానికి తోబుట్టువు. దోసెలూ, గాజులూ, లెక్కల పుస్తకంలోని సమితులూ ఈ ఇంటివి. రెండోది అచ్చ ఇంగ్లిషు క్రియ. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. మనకు చేయు, చేయించు ఉన్నట్టే. స్పెల్లింగు ఒకటే కావడంతో రెండూ కలిసిపోయాయి.

గోడను హద్దు నుంచి వెనక్కి జరిపి కూర్చోబెడితే సెట్‌బ్యాక్. సాగే పనిని వెనక్కి నెట్టేదీ సెట్‌బ్యాకే, దాన్ని పేపర్లలో ఎదురుదెబ్బ అంటారు. మిగతా చాలా చోట్ల మన 'పెట్టు' చక్కగా సరిపోతుంది: అలారం పెట్టాం, నిప్పు పెట్టాం, గడువు పెట్టాం. ఒక్కచోట మాత్రం కొంప ముంచుతుంది. కోర్టు ఉత్తర్వును సెట్ అసైడ్ చేసిందంటే కొట్టేసిందని అర్థం. దాన్ని "పక్కన పెట్టింది" అని రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. పక్కన పెట్టడమంటే తర్వాత చూద్దామనే కదా!

తనంతట తాను సెట్ అయ్యే వాటికి ఇంగ్లిషువాళ్లది ఒకటే మాట. మనకు సిమెంటు గట్టిపడుతుంది, పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది. ఈ తేడా మా మనవడికి అక్కర్లేదు. డిసెంబరు చలికి గిన్నె వంక చూసి "నానమ్మా, పెరుగు సెట్ కాలేదు" అంటాడు. మేస్త్రీ కూడా ఇంతే. మా వరండాకు గచ్చు చేసిన రోజు "ఇంకా సెట్ కాలేదు, కాలు పెట్టొద్దు సార్" అన్నాడు. సిమెంటు బిగియడం మొదలవడానికి కనీసం 30 నిమిషాలు, బిగిసి పూర్తవడానికి గరిష్ఠంగా 600 నిమిషాలు అని మన ప్రమాణాలు చెబుతాయి. నేను పావుగంటకే అడుగేశాను. ఆ కుడిపాదం ముద్ర ఇప్పటికీ ఉంది.

సంబంధం సెట్ అయిందని ఇప్పుడు పెద్దవాళ్లూ అంటున్నారు. కుదిరింది అనొచ్చుగా! సంబంధం కుదురుతుంది, బేరం కుదురుతుంది, జబ్బు కుదురుతుంది. కడవ దొర్లకుండా కింద పెట్టే చుట్టనూ కుదురనే అంటాం. పాపకు పెట్టు, కుదురు రెండూ చెప్పండి. దోసెల దగ్గర మాత్రం సెట్టును సెట్టుగానే ఉంచండి.

ఇక లెక్క. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో సెట్‌కు 430 అర్థాలు, వివరణకే దాదాపు 60,000 మాటలు. తర్వాతి సవరణలో 'రన్' ముందుకు పోయింది. క్రియగానే దానికి 645 అర్థాలు తేల్చారు. కాబట్టి మీరు విన్నది ఒకప్పటి నిజం.

ప్రశ్న: "నిన్న అలారం సెట్టెడ్" అని మావాడు ఇంగ్లిషులో రాస్తే టీచరు ఎర్రసిరాతో కొట్టేసింది. ఎందుకండీ?
– ఒక తండ్రి, కె.ఆర్.పురం

జవాబు: టీచరుదే రైటు. కట్, పుట్, హిట్‌లాగే సెట్ కూడా నిన్నయినా నేడయినా మారదు. ఇంతకీ ఆ అలారం పెట్టింది వాడా, మీరా?