పరీక్షలన్నీ నార్మల్.. అయినా అమ్మకు నీరసం తగ్గట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు. పాలకొల్లు దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటోంది. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు దుబాయ్‌లో ఉంటాం. బీపీ మాత్రలు వాడుతోంది. ఎప్పుడూ నీరసం, మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టట్లేదు అంటుంది. తరచూ ఊళ్లోనే సెలైన్ పెట్టించుకుంటోంది. పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్ అన్నారు. బలానికి మందులు, నిద్రమాత్రలు ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ సెలైన్ మాన్పించండి. అన్నం, నీళ్లు సరిగా తీసుకునే మనిషికి దానివల్ల బలం రాదు. అందులో ఉండేది ఉప్పునీళ్లే, బీపీ ఉన్నవారికి అది మంచిది కూడా కాదు. నిద్రమాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ఈ వయసులో రాత్రి మత్తులో లేచి తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు.

చేయించిన పరీక్షల్లో హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బి12, సోడియం ఉన్నాయో లేదో చూడండి. కొన్ని బీపీ మాత్రలతో సోడియం తగ్గి నీరసం వస్తుంది. చెవులు, కళ్లు కూడా చూపించండి. సరిగా వినపడక, పదేపదే అడగలేక, మాట్లాడటమే మానేసే పెద్దవాళ్లు చాలామంది. వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం ఈ మూడూ మతిమరుపు జబ్బు ముప్పును పెంచుతాయని 2024లో వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల కమిషన్ చెప్పింది. ఈ మూడింటికీ మనం చేయగలిగింది ఉంది.

ఇవన్నీ బాగానే ఉంటే, మీ నాన్నగారు పోయాక అమ్మగారి రోజు ఎలా గడుస్తోందో ఆలోచించండి. మన వైపు చాలా ఇళ్లలో భర్త పోయిన ఆడవాళ్లను పేరంటాలకు పిలవరు. పిలిచినా వాళ్లే వెళ్లరు. ఇన్నేళ్లుగా పసుపు కుంకాల పేరుతో నలుగురి ఇళ్లకూ తిరిగిన మనిషి టీవీ ముందు కూర్చుండిపోతుంది. ఇది అన్యాయమైన ఆచారమని నేను గట్టిగా నమ్ముతాను. ఆమె నీరసంలో దీని పాలు చాలానే ఉండొచ్చు.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ 2019 నుంచి ఇలాంటి వారి కోసం ‘లింక్ వర్కర్ల’ను పెద్ద ఎత్తున నియమించింది. డాక్టర్ పంపితే వాళ్లు రోగితో తీరిగ్గా మాట్లాడి, ఇష్టాన్నిబట్టి తోటపనికో, పాటల బృందానికో, నడక బృందానికో జత చేస్తారు. దీన్నే సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటున్నారు. ఇందులో అసలు బలం ఆ మధ్య మనిషే. ‘నలుగురిలో కలువమ్మా’ అని ఫోన్లో చెబితే ఎవరూ గడప దాటరు. మొదటి నాలుగు రోజులు ఇంటికొచ్చి వెంట తీసుకెళ్లేవారు కావాలి. మీ ఊళ్లో ఆ పని చేయగలిగేది ఎవరు? ఆశా కార్యకర్తా, పక్కింటి పిన్నిగారా? వాళ్లతో మీరే మాట్లాడండి.

ఎక్కడికి వెళ్లాలన్నది అమ్మగారి ఇష్టం. రామాలయంలో భజన, సహస్రనామ పారాయణం, చర్చిలో మహిళా కూడిక, ఏదైనా సరే, పేరంటం అడ్డు రాని చోటు కావాలి. నరసాపురం, పాలకొల్లు వైపు పెద్దవాళ్లలో చాలామందికి లేసు అల్లిక వచ్చు. ఆమెకూ వస్తే వీధిలో ఆడపిల్లలకు నేర్పమనండి. పిల్లలు తన కోసం ఎదురుచూస్తున్నారంటే బయటికి రావడానికి ఆమెకే ఒక కారణం దొరుకుతుంది. వారానికి రెండు రోజులతో మొదలుపెడితే చాలు.

65 దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, 3 రోజులు తూలకుండా నిలబడే వ్యాయామాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోకాళ్ల అరుగుదలకు కూడా నడక మేలే. పొద్దున్నే ఎండెక్కకముందు, తోడుతో, 10 నిమిషాలతో మొదలుపెట్టమనండి. వానాకాలం కాలువ గట్టు మీద వద్దు, జారుతుంది. బడి ఆవరణ మంచిది.

రెండు వారాలకు పైగా దిగులుగా ఉండి, తిండి తగ్గి, ‘నేనింకెందుకు’ లాంటి మాటలు వస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. భజనలతో సరిపెట్టకుండా మానసిక వైద్యులకు చూపించండి, మందులతో నయమవుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు మీరు హైదరాబాద్ నుంచే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబర్‌ను పెద్ద అక్షరాలతో రాసి అమ్మగారి ఫోన్ దగ్గర అతికించండి.