మాత్రల డబ్బా నీ చేతిలోనే ఉంచుకో, సుజీ

సుజీ,

నాన్నని నీ దగ్గరికి తెచ్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమే. కానీ ఉద్యోగం, చంటివాడు, పైన పక్షవాతం వచ్చిన మనిషి! ఎలా నెగ్గుకొస్తావో అని టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టలేదు.

చుట్ట మాన్పించు. షుగర్ చూపిస్తూ ఉండు. రోజూ నడిపించు. ఇవి డాక్టరూ చెప్పే ఉంటారు.

నా భయమల్లా మాత్రల గురించి. మీ పెదనాన్నకి మొదటిసారి కుడిచెయ్యి ఒక్కటే పడిపోయింది. ఫిజియోథెరపీతో మళ్ళీ అన్నం కలుపుకుని తినేదాకా వచ్చారు. అక్కడే మొదలైంది గొడవ. బీపీ నార్మల్‌కి వచ్చేసరికి "తగ్గిపోయిందిగా, ఇంకా ఈ మందులెందుకు, ఒంటికి వేడి" అన్నారు. తగ్గింది ఆ మాత్ర వల్లేనని ఎంత మొత్తుకున్నా వింటేనా! కాళ్ళు లాగుతున్నాయని ముందు కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. డాక్టర్‌కి చెబితే డోసు తగ్గించేవారో, మందు మార్చేవారో. తర్వాత బీపీది పోయింది. ఎవరో పసరు మందు ఇస్తారంటే పథ్యం పేరుతో రక్తం గడ్డ కట్టకుండా వేసే ఆస్పిరిన్ కూడా ఆపారు. నా ముందు నోట్లో వేసుకుని, అటు తిరిగి ఉమ్మేసేవారట. చొక్కాలు ఉతకడానికి తీస్తే జేబులో మాత్రలు, తడికి ఒకదానికొకటి అంటుకుపోయి. ఆ సంక్రాంతి రాకముందే రెండోసారి వచ్చింది. ఈసారి మాట పోయింది. నన్ను పిలవబోయి, పేరు నోటికి రాక, కోపంతో గ్లాసు విసిరేవారు. మిమ్మల్నందరినీ భుజాల మీద తిప్పిన మనిషి, ఆయనకి కోపమంటే ఏంటో అప్పటిదాకా మాకు తెలీదు.

అందుకే డబ్బా నీ చేతిలో ఉండాలి. మింగాక నోరు తెరిపించి చూడు, సిగ్గుపడకు. ఏకాదశి ఉపవాసమైనా మాత్ర మాత్రం పడాల్సిందే. నాన్నకి పక్షవాతం మెదడులో రక్తం గడ్డ కట్టి వచ్చినదా, రక్తనాళం చిట్లి వచ్చినదా అన్నది డిశ్చార్జి కాగితంలో చూసుకో. చిట్లినదైతే ఆస్పిరిన్ సొంతంగా వెయ్యకూడదు. గడ్డ అయితే మొదట్లో రక్తం గడ్డ కట్టనివ్వని మాత్రలు రెండు రకాలు కలిపి ఇచ్చి, కొన్ని వారాలకి ఒకటి ఆపడం మామూలే, కానీ ఆపమనాల్సింది డాక్టరే. గుండె లయ తప్పడం వల్ల వచ్చి ఉంటే వాడే మందే వేరు, ఈసీజీ గురించి అడుగు.

బీపీ మామూలుగా 130/80 లోపు ఉండాలంటారు. కాఫీ తాగిన వెంటనే చూడకు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టించి చూడు. ఆవకాయ జాడీ ఎదురుగా ఉంచకు. మా మరిది సంగతి నాకు తెలీదా, పప్పన్నంలో ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు!

మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా, పది నిమిషాల్లో సర్దుకున్నా సరే, వెంటనే 108కి ఫోన్ చెయ్యి. "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అనే మాట మీ ఇంట్లో వినపడకూడదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. చివరిసారి బాగున్నది ఎప్పుడో టైమ్ రాసిపెట్టుకో. పావురం రక్తం రాద్దామని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపెయ్. నోట్లో నీళ్ళూ పొయ్యకు.

నువ్వు వేళకి తిను, చంటివాడికి పాలిచ్చే ఒళ్ళు నీది. ఆదివారం ఫోన్ చేస్తా, బీపీ రాసుకున్న పుస్తకం దగ్గర పెట్టుకో, అన్నీ చదివి చెప్పాలి.

మీ పెద్దమ్మ