డౌన్‌లోడ్లు ఎక్కువైతే వాడకం ఎక్కువైనట్టేనా?

ప్రశ్న: మా ఆఫీసుకి పోర్టల్ (ఉద్యోగులంతా సమాచారం, ఫైళ్లు ఒకేచోట చూసుకునే వెబ్‌సైట్) పెట్టాలి. డౌన్‌లోడ్లు చూస్తే లైఫ్‌రే లాంటి ఓపెన్ సోర్స్‌వే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్లే ముందున్నాయని నేనంటే, అందరూ వాడేది మైక్రోసాఫ్ట్ వాళ్ల షేర్‌పాయింటే అంటారు మా మేనేజర్. ఎవరిది నిజం?

జవాబు: మీరిద్దరూ చూస్తున్న లెక్కలు వేరండి. ఒకే కంపెనీలో పదిమంది దించుకుని, రెండ్రోజులు చూసి వదిలేసినా డౌన్‌లోడ్లు పది పడతాయి. మీ మేనేజర్ వైపు లైసెన్సుల లెక్కదీ అదే కథ: 2001లో వచ్చిన షేర్‌పాయింట్ ఇప్పుడు మైక్రోసాఫ్ట్ 365 ప్లాన్లు చాలావాటిలో కలిసే వస్తోంది, అలా వచ్చినంత మాత్రాన ప్రతి ఆఫీసూ దాన్ని పోర్టల్‌గా వాడుతున్నట్టు కాదు కదా. పైగా లైఫ్‌రేకి ఉచిత ఎడిషనూ ఉంది, డబ్బు కట్టి తీసుకునే సపోర్టూ ఉంది, మరి దాన్ని ఉచితాల గట్టున వేస్తారా, కొనేవాటి గట్టున వేస్తారా?

పెద్ద కంపెనీ పేరున్నా, అది ఎప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఐబీఎం తన వెబ్‌స్పియర్ పోర్టల్‌ని 2019లో హెచ్‌సీఎల్‌కి అమ్మేసింది.

అందుకే నా మాట వినండి, ఆ పోటీ పక్కనపెట్టి, సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాల్ని సరిచేసే అప్‌డేట్లు) ఎంత త్వరగా వస్తున్నాయో, ఆ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు ఉద్యోగానికి దొరుకుతారో లేదో, రేపు మారాలంటే మీ డేటా తేలిగ్గా బయటికి వస్తుందో లేదో ముందు చూసుకోండి.