కొంగున ముడేసిన తాళంచెవి

కర్నూలు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో ఊరు పోగొట్టుకున్న మీ జేజి, ఎండాకాలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడగానే వెళ్లి, ఆ వేపమాను లింగానికి మొక్కుతుంది. తర్వాత గట్టు మీద కూర్చుని తన ఇల్లు ఎక్కడుండేదో బురదలో వెతుక్కుంటుంది. అక్కడ నాకు గొంతు పట్టేసింది. చివరి పేజీలో మాత్రం తొందరపడ్డావు. 'కళ్లలో అంతులేని భయం' అన్నావు, 'మూఢనమ్మకం' అన్నావు. ఆ మాటలు నీవి, జేజివి కావు.

నేనూ అదే తప్పు చేశాను కాబట్టి చెబుతున్నా. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికి వచ్చిపడ్డాయి. పక్కింటాయన మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నాం, పదకొండు మందిమి. మా అమ్మ ఇంటికి తాళం వేసి మరీ ఎక్కింది. కింద వాకిలి మునిగి కనపడకుండా పోయింది. అయినా తాళంచెవి కొంగున ముడేసుకుని, మాటిమాటికీ ఆ ముడి తడుముకుంటూనే ఉండింది. నీళ్లు తీశాక చూస్తే తలుపు నాని ఉబ్బిపోయింది. తాళం తీసినా రాకపోతే గడ్డపారతో పీకాం. ఆ తర్వాత ఎన్నేళ్లయినా వాన గట్టిగా పడితే చాలు, ఆమె చెయ్యి కొంగు మీదికి పోయేది. నేనేమో కథలో 'అమ్మ భయంతో వణికిపోయింది' అని రాశాను. ఆమె వణకనే లేదు.

మిద్దె ఇచ్చినాయన మా నాయన్ను భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. ఆయనే రెండో రాత్రి తాగేనీళ్ల బిందెకు మూతపెట్టి, దాన్ని ఆనుకుని పడుకున్నాడు. నేను చూశాను. నేను చూడటం ఆయనా చూశాడు. కథలో బిందె సంగతి వదిలేసి ఆయన్ను దేవుణ్ణి చేశాను. అదే కృతజ్ఞత అనుకున్నా. ఇప్పుడు చదివితే ఆ మనిషి అందులో ఎక్కడా లేడు.

ఇంట్లో మోకాలిలోతు బురద. అది ఎత్తకముందే అమ్మ గడప ఒక్కటి కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఏటివైపు తిరిగి దండం పెట్టింది. నాకు ఒళ్లు మండింది. "ఇల్లు ముంచినదానికి దండమా?" అని అరిచాను.

"మొన్నటిదాకా తాగింది ఆ నీళ్లే కదప్పా" అని చీపురు అందుకుంది.

ఆ మాట నా వాదానికి అడ్డొస్తుందని కథలో పెట్టలేదు. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె దండం పెట్టింది నమ్మకంతోనో, భయంతోనో, అలవాటుగానో అడగాలనుంది. అప్పుడు అరవడానికి నోరొచ్చింది గానీ, అడగడానికి రాలేదు.

ఇంకొకటి, మీ జేజి నోట 'విషాదం' అనే మాట రాదు. సంభాషణల్లో అది కొట్టేయ్.

ఊరు ఖాళీ చేసిన రోజు ఆమె ఏం మూట కట్టుకుంది, ఏం వదిలేసింది, తలుపుకు తాళం వేసిందా లేదా, ఇవేవీ నీ కథలో లేవు. ఆమెకు ఎనభై దాటాయని రాశావు. ఈ ఆదివారమే ఊరికి పో. ఒక్కసారి అడుగు, ఆమె చెప్పేదాకా పక్కనే కూర్చో. ఫోన్ సైలెంట్‌లో పెట్టు.

మీ అన్న