గుమ్మిడిపూండికి పోయేముందు

అమ్మీ శైలూ,

గుమ్మిడిపూండి శ్రీలంక తమిళ శరణార్థుల క్యాంపులో ఉండే పెద్దాయన కవితల్ని తెలుగులో పుస్తకం వేస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వపడ్డానో అంత టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

తడ దాటితే గుమ్మిడిపూండే. క్యాంపు లోపలికి పోవడానికి అధికారుల అనుమతి కావాలి, ముందే అర్జీ పెట్టు. తమిళం సంగతి నీకు చెప్పక్కర్లేదు, చిత్తూరు బజార్లో పెరిగినదానివి.

నా భయమంతా పేర్ల గురించే. నాతో పనిచేసిన స్నేహితుడొకడు 1990ల్లో ఇట్లాగే ఒక కవిని కలిశాడు. శ్రీలంకలోని జాఫ్నా మనిషి. పడవలో వచ్చి, రామేశ్వరం దగ్గర మండపం ఊరి క్యాంపులో పేరు రాయించుకుని, చివరికి ఒక క్యాంపులో రేకుల గదికి చేరాడు. 1981లో జాఫ్నా లైబ్రరీని తగలబెట్టారే, దాదాపు 97,000 పుస్తకాలు బూడిదయ్యాయే, ఆ రాత్రి గురించి చెబుతూ తెల్లవార్లూ కూర్చున్నాడట. మావాడు కదిలిపోయి ఆయన అసలు పేరు, సొంతూరు, అక్కడే ఉండిపోయిన తమ్ముడి పేరు అన్నీ ఒక పత్రికలో వేసేశాడు. మంచి మనసుతోనే వేశాడు. అది ఎట్లా సముద్రం దాటిందో ఏమో, తమ్ముణ్ణి పిలిపించి రోజంతా ప్రశ్నలు. ఇక్కడ ఈయన మీదా ఎంక్వైరీ. మావాడు మళ్లీ పోతే ఆ కవి స్టీలు గ్లాసులో టీ ఇచ్చి పక్కన కూర్చున్నాడు గానీ, నోటుబుక్కు మాత్రం మోకాలి కిందనుంచి తీయలేదు. ఆ తర్వాత ఎవరికీ ఒక్క కవితా చూపించలేదు.

శ్రీలంకలో యుద్ధం 2009లోనే అయిపోయింది కదా మామా అంటావు. అక్కడ మిగిలినవాళ్ల సంగతి నువ్వు కలవబోయే పెద్దాయనకు తెలుసు, మనకు తెలియదు. ఏ పేరు వేయాలో ఆయన్నే అడుగు, అచ్చుకు పోయేముందు మళ్లీ అడుగు. ఫేస్‌బుక్‌లో సెల్ఫీ పెట్టావంటే మాత్రం నేను ఊరుకోను.

"ఎప్పుడు వెళ్లిపోతారు?" అని అడగొద్దు. "ఇదీ మీ ఊరే" అని ఓదార్చనూ వద్దు. 1987 జులై 1 నుంచి ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరూ భారతీయులు కాకపోతే పుట్టుకతో పౌరసత్వం రాదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం చెప్పిన దేశాల్లోనూ శ్రీలంక లేదు. ఆ క్యాంపుల్లోనే పుట్టి, పెరిగి, పిల్లల్ని కన్నవాళ్లు కూడా కాగితాల్లో ఇంకా శరణార్థులే. తనది ఏ ఊరో ఆయన తన కవితల్లో ఎట్లా చెప్పుకున్నాడో అట్లాగే ఉంచు తల్లీ, నువ్వు తేల్చకు.

అనుమతి రాగానే ఫోన్ చెయ్యి. మొదటిసారి నేనూ వస్తా, బయట టీ కొట్లో కూర్చుంటాలే, మీ మాటల్లోకి రాను.

మీ మామ,
చిత్తూరు