చెయ్యి ఆపడం కూడా కరాటేనే

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. ఎనిమిది నెలలుగా కరాటేకు పంపుతున్నాం. కటా (ఒంటరిగా ఒక వరుసలో చేసే కదలికలు) బాగానే చేస్తాడు. ఫైట్ పెడితే మాత్రం కళ్లు మూసుకుని బిగుసుకుపోతాడు. ఇంట్లోనేమో కోపమొస్తే చెల్లెలి మీద కాలెత్తుతున్నాడు. ధైర్యం, నిదానం వస్తాయని చేర్పించాం. మాన్పించాలా?
— ఒక తల్లి, సుబేదారి, హనుమకొండ

జవాబు: మాన్పించకండి. అక్కడి భయం, ఇంట్లో కోపం వేరుగా కనిపిస్తున్నా, రెండు చోట్లా బాబు ఊపిరి బిగబడుతున్నాడు. ఊపిరి బిగిస్తే భుజాలు పైకి లేస్తాయి, చెయ్యి చెప్పిన మాట వినదు.

మాస్టర్‌ను ఒకటి అడగండి: ఫ్రీ ఫైట్‌కు ముందు సాన్‌బోన్ కుమితే ఎన్ని వారాలు చేయించారు? అందులో ఒకరు మూడడుగులు ముందుకేస్తూ మూడు పంచ్‌లు వేస్తారు. రెండోవారు వెనక్కి నడుస్తూ మూడు బ్లాకులు చేసి, చివర ఒక ఎదురు పంచ్ వేస్తారు. ఏ దెబ్బ వస్తుందో ముందే తెలుసు కాబట్టి కళ్లు తెరిచి ఉంచడం అలవాటవుతుంది. బెల్టు పరీక్షలు, టోర్నమెంట్ల తొందరలో ఈ మెట్టు దాటేస్తే పిల్లలు బిగుసుకుపోతారు. గ్లోవ్స్, మౌత్ గార్డ్ లేకుండా ఫైట్ పెడితే ఒప్పుకోకండి. మీరు కూడా పక్క నుంచి ‘కొట్టు, కొట్టు’ అని అరవకండి.

ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలు. మన ఎండలకు పొద్దున ఆరింటికే మేలు. ముందు రెండు నిమిషాలు కూర్చుని, నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. తర్వాత మీరు అరచెయ్యి చాపండి. పంచ్ దానికి బెత్తెడు దూరంలో ఆగాలి. మెల్లగా 10, వేగంగా 10. ఆగే క్షణంలో గట్టిగా ఊపిరి వదలాలి. తగిలితే కోప్పడకండి, చాలాసార్లు తప్పు దూరానిదే. సగం అడుగు వెనక్కి జరపండి. వేగంగా కొట్టడం నెలల్లో వస్తుంది, ఆ వేగంలోనే ఆపడానికి ఏళ్లు పడుతుంది. పిల్లవాడి మనసు ఎదిగేది అక్కడే.

క్లాసులో నేర్పేది షోటోకాన్ అనే కరాటే శైలి అయితే బాబు నేర్చింది బహుశా హెయాన్ షోడాన్ అనే కటా. దాని 21 కదలికల్లో మొదటిది ఎడమకు తిరిగి కిందికి వేసే బ్లాక్, దెబ్బ కాదు. 1922లో కరాటేను టోక్యోలో ప్రదర్శించిన గిచిన్ ఫునకోషి జపాన్ దీవి ఒకినావాలో బడిపంతులు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాదన్నది ఆయన నియమం. బాబుకు ఇది చెప్పండి. చెల్లెలి మీద కాలెత్తిన రోజు, కోపం దిగాక, ఆ కటాను ఒక్కో కదలికకు ఒక్కో ఊపిరితో చేయించండి. శిక్షలా చేయిస్తే కటా అంటేనే విసుగు పుడుతుంది. పాపకు దెబ్బ తగిలితే మాత్రం మాస్టర్‌కు తప్పక చెప్పండి. దాన్ని నవ్వి కొట్టిపారేసే చోటయితే క్లాసు మార్చండి.

ప్రశ్న: 42 ఏళ్లకు మొదలుపెట్టాను. గుర్రపు భంగిమలో (కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి) నిలబడితే మోకాళ్లు నొప్పి.
— ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: మోకాలు లోపలికి వాలుతోందేమో అద్దంలో చూసుకోండి. అది కాలివేళ్ల వైపే ఉండాలి. మొదటి రెండు నెలలు సగమే దిగండి, 20 సెకన్ల చొప్పున మూడుసార్లు. పక్క కిక్ తిప్పేటప్పుడు నేల మీది పాదాన్నీ తిప్పండి, లేకపోతే మెలిక మోకాలి మీద పడుతుంది. సిమెంటు నేల మీద గెంతులు వద్దు. వాపు ఉంటే ముందు ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి.