స్వరకర్త పోయి వందేళ్లు దాటితే పాత పోలిష్ రికార్డింగ్‌ను నెట్‌లో పెట్టవచ్చా?

స్వరకర్త పోయి వందేళ్లయినా రికార్డింగ్‌ను ఇష్టానికి పెట్టకూడదు, దాని హక్కు వేరు. పోలండ్‌లో రచన హక్కు స్వరకర్త మరణించాక 70 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్ హక్కు వాయించినవాళ్లది, రికార్డు చేసినవాళ్లది. విడుదలైన ఏడాది నుంచి లెక్క. 1962 దాకా విడుదలైనవాటికి ఆ హక్కు తీరిపోయింది, ఆ తర్వాతవాటికి 70 ఏళ్లు.

పోలిష్ స్వరకర్త మీచిస్వావ్ కార్వోవిచ్ 1909లో టాట్రా కొండల్లో మంచుచరియల కింద పడి, పాపం, 32 ఏళ్లకే పోయాడు. ఆయన వయొలిన్ కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వయొలిన్ ప్రధానంగా వాయించే రచన) పాత అచ్చు స్వరలిపిని ఎవరైనా పంచుకోవచ్చు. అదే కన్చెర్టో 1980లో ఎల్పీగా (గ్రామఫోన్ రికార్డుగా) వచ్చి ఉంటే, ఆ ఎల్పీకి 2050 చివరిదాకా హక్కు ఉంటుంది.

ఎల్పీ ఎక్కడా దొరకట్లేదు కాబట్టి హక్కు పోయిందనుకుంటారు చాలామంది. అమ్మకం ఆగినంత మాత్రాన హక్కు పోదు. లేబుల్ మీద సున్నాలో పి అక్షరం ఉంటే, పక్కనున్నదే విడుదలైన ఏడాది.